పెరటిచెట్టు మందునకు రాదా?

వైద్యకళాశాలల ప్రవేశపరీక్షా ఫలితములు వెలువడి, విడతలవారీగా సీట్ల కేటాయింపు సాగు దినములలో దర్శి పట్టణమునందు ఏటేట ఒక క్రొత్త వ్యవహారము నడచుచున్నది. కోర్టు వరండాలోను, బస్సుస్టాండు ఎదుటి కాఫీ హోటళ్లలోను, పఠనమందిరపు బల్లల చుట్టును పెద్దలు కూడి, ఫలానివారి బిడ్డకు రెండుచోట్ల సీటు వచ్చినదట, ఎచ్చట చేర్పింపవలెనని వాదప్రతివాదములు చేయుచుందురు. ఒకరు భవనములను పొగడుదురు. ఒకరు ఊరి పేరును పొగడుదురు. వేరొకరు తమ బావమరది కుమారుడు అచ్చట చదివి అమెరికా చేరినాడని సాక్ష్యము పలుకుదురు. ఈ వాదములలో రోగి మాట ఎత్తినవారిని మేమింతవరకు చూడలేదు. ఆ లోటు కొంత తీర్చుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

రెండింటిలో నేదియను సంశయము కలుగుటయే ఒక విధముగ భాగ్యమని మొదట గుర్తింపవలెను. 1923లో విశాఖపట్టణమున వైద్యకళాశాల ఏర్పడినది మొదలు 1946లో గుంటూరు కళాశాల వెలయువరకును చెన్నరాజధానిలోని తెలుగు జిల్లాలన్నిటికిని వైద్యకళాశాల యొక్కటియే. అచ్చట చోటు దొరకనివారు చెన్నపట్టణపు వాకిట నిలువవలసినదే. నేడు ఆంధ్రరాష్ట్రమున ప్రభుత్వమువారివియు ప్రైవేటువారివియు కలిసి ముప్పదికి పైగా కళాశాలలున్నవి. దేశమంతటికి నీట్ అను పరీక్ష యొక్కటియే యైనను సీట్లు పంచు చేతులు రెండు. రాష్ట్రప్రభుత్వ కళాశాలలలోని సీట్లలో నూటికి 15 అఖిలభారత కోటా పేరున ఢిల్లీవారు పంచెదరు. తక్కినవి విజయవాడలోని డాక్టర్ ఎన్.టి.ఆర్. ఆరోగ్యవిశ్వవిద్యాలయమువారు పంచెదరు. అందుచేతనే ఒక్క బిడ్డకు రెండు పిలుపులు వచ్చుట సంభవించుచున్నది. విడతలు గడచినకొలది పట్టినదానిని విడుచుట కష్టమగును గనుక, వారము దినములలో తేల్చుకొనవలసిన తొందర పడును.

ఇందు మరియొక చిక్కు కలదు. మా వృత్తి న్యాయవాదము గనుక దానిని ముచ్చటించకుండ పోజాలము. దర్శి తాలూకా 1970 వరకు నెల్లూరు జిల్లాలోనిది. ఆ యేట ఒంగోలు జిల్లా ఏర్పడగా అందు చేరినది. 1972లో ఆ జిల్లాకే ప్రకాశముగారి పేరు పెట్టిరి. పిమ్మట 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకాశము జిల్లాను ఆంధ్రవిశ్వవిద్యాలయ ప్రాంతమునను, నెల్లూరును శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతమునను చేర్చినది. స్థానికులకు నూటికి 85 వంతున సీట్లు ప్రత్యేకించిన ఉత్తర్వది. తాతగారి భూమిదస్తావేజులలో నెల్లూరు జిల్లా అని వ్రాసియుండగా, మనుమరాలు నెల్లూరి ప్రభుత్వ కళాశాలకు స్థానికురాలు గాకపోయినది! శ్రీకాకుళము మాత్రము ఆమెకు స్వస్థానమైనది. చట్టము గీచు గీతలు ఇట్లే యుండును. కావున దర్శి బిడ్డకు సర్కారు కళాశాలలలో మిక్కిలి దగ్గరది, సుమారు 60 కిలోమీటర్ల దూరమునగల ఒంగోలు. ఆ తరువాత గుంటూరు.

ఇక విషయమునకు వత్తము. మా యొద్దకు సలహాకై వచ్చువారిలో మొదటి తెగవారిది ఈ విధమైన సంశయము: ఒక కాగితము 2008లో రాజీవ్ గాంధీ వైద్యవిజ్ఞాన సంస్థ అను పేరుతో నెలకొన్న ఒంగోలు ప్రభుత్వ కళాశాలది, రెండవ కాగితము ఉత్తరాదినో పడమటనో గల యొక పెద్దపేరు కళాశాలది. రెండుచోట్లను రుసుము స్వల్పమే. ఐనను తండ్రికి రెండవదానిమీదనే మోజు. ఒక రైతు మాతో నిట్లన్నారు: "లాయరు గారూ, మాకు జ్వరమొస్తే మేమే ఒంగోలు పెద్దాసుపత్రికి పోవడం లేదు. అట్టాంటి చోటికి బిడ్డను చదువుకు ఎట్టా పంపేది?" పెరటిచెట్టు మందునకు రాదను సామెత ఇంత చక్కగ పట్టిన సందర్భము మేమెన్నడును వినలేదు.

ఆయన మాట నిజమే. ఆయన పోవుట లేదు. పోవువారు వేరే యున్నారు. ఆయన పొలములో మిరపకాయలు కోయు కూలి పోవుచున్నది. ప్రత్తిచేనికి మందు కొట్టువాడు పోవుచున్నాడు. వైద్యవిద్యార్థికి గురువులు ఇద్దరు: ప్రొఫెసరు ఒకడు, రోగి ఒకడు. మొదటివాడు ఉపన్యాసములో చెప్పినది పుస్తకములోను దొరకును. రెండవవాడు చెప్పునది మంచము ప్రక్కన నిలిచిననే గాని దొరకదు. రైతు తన కొరకు ఆసుపత్రిని వెదకునపుడు ఏకాంతపు గది చూచుకొనును, చల్లదనము చూచుకొనును, పేరుగల వైద్యుని చూచుకొనును, అది న్యాయమే. బిడ్డ చదువునకు ఆసుపత్రిని వెదకునపుడు ఆ తూనికరాళ్లనే వాడుట పొరపాటు. జనసమ్మర్దము చూచి రోగి భయపడవలెను గాని విద్యార్థి సంతోషింపవలెను.

మా ప్రాంతపు రోగము కథ యొకటి చెప్పెదము. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతముల భూగర్భజలములో ఫ్లోరైడు మిక్కుటము. ఒక లీటరు నీటిలో మిల్లీగ్రామున్నర మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థవారి హద్దు. హద్దు మీరిన నీటిని ఏండ్లతరబడి త్రాగినవారికి ముందు పండ్లమీద గోధుమరంగు చారలు పడును. పిమ్మట వెన్నెముక బిగుసుకొనిపోవును. కీళ్లను పట్టియుంచు నరములవంటి కట్లు ఎముకగా మారి, నడుము వంగినవాడు మరల నిలువలేని స్థితి వచ్చును. ఈ వ్యాధిని గూర్చి 1937లో షార్టు, పండిట్, రాఘవాచారి అను పరిశోధకులు ఇండియన్ మెడికల్ గెజెట్ పత్రికలో ప్రకటించిరి. వారు చూచినది ఎక్కడి రోగులను? నెల్లూరు జిల్లావారిని. ఆనాడు దర్శి తాలూకా ఆ జిల్లాలోనిదే గదా. భారతదేశమున మనుష్యుల ఎముకలకు పట్టు ఫ్లోరైడు వ్యాధి మొదట గుర్తింపబడినది ఇట్టి మెట్టపల్లెలలోనే. ఎద్దులు కుంటుచుండుటయు, మనుష్యులు వంగిపోవుటయు పల్లెవారు తరతరములుగా చూచుచునే యుండిరి. చదువుకొన్న కన్ను వచ్చి నిలుచువరకు అది శాస్త్రమునకు ఎక్కలేదు. ఢిల్లీలోనో బొంబాయిలోనో ఐదేండ్లు చదివిన మన బిడ్డ ఈ రోగమును పరీక్షకొరకు ఒక పుటలో చదువును. ఒంగోలులో చదివిన బిడ్డకు ఆ పుటయే బయటిరోగుల వరుసలో కర్ర యూతగా నడచివచ్చును.

ఇంకను చూడుడు. ప్రత్తి, మిరప పండు దేశమున పురుగుమందు ఇంటింట నుండును. కొట్టుచు పీల్చినవాడు కొందరు, అప్పుబాధచే త్రాగినవాడు కొందరు, రాత్రి పదిగంటలవేళ ఆటోలో వేసికొని తెత్తురు. కంటిపాప ఆవగింజంత యగును, నోట నురుగు కారును, ఊపిరితిత్తులు చెమ్మగిల్లి ఊపిరి ఆడదు. అట్రోపిన్ అను మందును నిమిషముల లెక్కన పెంచుచు, రొమ్ముమీద గొట్టము పెట్టి వినుచు, ఊపిరి పొడిబారువరకు ప్రక్క వదలకుండ కూర్చుండవలెను. ఇది పుస్తకముచే వచ్చు విద్య కాదు. పది రాత్రులు మేలుకొన్నవానికే వచ్చును. పాముకాటును అట్టిదే. కట్లపాము రాత్రి నిద్రలో కరచినచో కాటు నొప్పి యుండదు. తెల్లవారి పిల్లవాడు కడుపునొప్పియని ఏడ్చును, రెప్పలు వాలిపోవును. అజీర్ణమని సోడా త్రాగించి కూర్చున్నచో ప్రాణము దక్కదు. రక్తపింజరి కరచినదని అనుమానమైనచో కొంచెము రక్తమును శుభ్రమగు గాజుగొట్టములో పోసి 20 నిమిషములు కదల్పకుండ నుంచి, గడ్డకట్టినదా లేదా చూచుట చాలును. దానికి లక్షల యంత్రము అక్కరలేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగింటికిని పనిచేయు విరుగుడు మందు సర్కారు ఆసుపత్రులలో నుంచవలసినదే. దానిని ఎప్పుడు ఎక్కింపవలెనో ఎరిగిన చేయి లేకపోవుటయే పల్లెలలోని లోపము. ఆ చేయి తయారగునది పల్లెరోగులు వచ్చి పడు ఆసుపత్రిలోనే.

భాషను గూర్చి ఒక మాట. రోగపరీక్షలో సగము రోగి చెప్పుకొను కథ. దర్శి ముసలమ్మ "గుండె పీకుతున్నది" అనును, "కళ్లు బైర్లు కమ్ముతున్నయి" అనును, "నరాలు గుంజుతున్నయి" అనును. ఈ మూడింటికి మూడు వేరు రోగములు కారణము కావచ్చును. ఏ మాటకు ఏ అర్థమో తెలియుటకు వినుచు పెరుగవలెను. పరరాష్ట్రమున చదివిన బిడ్డ అచ్చటి భాష కూడబలుకుకొని రోగులను ప్రశ్నించుటకే రెండేండ్లు పట్టును. తిరిగి వచ్చిన పిదప మన ముసలమ్మ మాటను తిరిగి నేర్వవలెను.

ఐతే సర్కారు కళాశాలలన్నియు స్వర్గధామములని మేము చెప్పుట లేదు. అధ్యాపకపదవులు ఖాళీగా నుండుట, యంత్రములు చెడి మూలపడుట, హాస్టళ్లలో నీరు లేకపోవుట లోకమెరిగినదే. అందుచేత మేము చెప్పునది, నమ్ముడనియు కాదు, భయపడుడనియు కాదు. పోయి చూడుడు అని. జాతీయ వైద్యకమిషనువారు 2023లో చేసిన నియమముల ప్రకారము 150 మంది విద్యార్థులను చేర్చుకొను కళాశాలకు 605 మంచముల ఆసుపత్రి యుండవలెను. వానిలో నూటికి 80 వంతున రోగులుండవలెను. ఈ లెక్క కాగితముమీద అందరును చూపింతురు. తనిఖీదినమున మాత్రము నిండి మరునాడు ఖాళీయగు మంచములను గూర్చి దేశమంతట కథలున్నవి. 2025లో వైద్యకళాశాలల తనిఖీలలో చేతులు మారిన లంచములను గూర్చి కేంద్ర నేరపరిశోధక సంస్థవారు కేసు పెట్టునంతవరకు వచ్చినది. తనిఖీదారుని మీరు కొనజాలరు, నమ్మజాలరు. కాని సోమవారము ఉదయము తొమ్మిదిగంటలకు చెప్పాపెట్టకుండ బయటిరోగుల వరుస చెంత ఒక గంట నిలువగలరు. రాత్రి ప్రసూతివార్డు బయట బల్లమీద కూర్చుండగలరు. నాలుగవ సంవత్సరపు విద్యార్థి నొకనిని టీ కొట్టు వద్ద పట్టుకొని, "నీవు చేతులార ఎన్ని కాన్పులు చేసినావు నాయనా?" అని అడుగగలరు. ఆ విద్యార్థి ముఖమే మీకు ప్రత్యుత్తరము. ఈ పరీక్షలో నూతన ప్రభుత్వ కళాశాల ఓడి, పాత ప్రైవేటు కళాశాలలోని కన్వీనరు సీటు గెలిచినచో, దానినే ఎంచుకొనుడు. మాకు సర్కారుబోర్డు మీద భక్తి లేదు. రోగుల వరుసమీదనే భక్తి.

ఇందు రెండు మినహాయింపులు చెప్పవలెను. గుంటూరును ఒంగోలును రెండును దొరకు ర్యాంకు వచ్చినచో గుంటూరే కోరవలెను. వేయికి పైబడిన మంచములు, పల్నాటినుండియు డెల్టానుండియు నిత్యము వచ్చి పడు రోగులు, ఎనుబది యేండ్లు నిండిన బోధనసంప్రదాయము దానికున్నవి. 1956లో ఢిల్లీలో స్థాపించిన అఖిలభారత వైద్యవిజ్ఞానసంస్థ వంటిచోట సీటు వచ్చినవారును, పరిశోధనయందు నిజమైన ఆకలి గలవారును, మా మాట వినక వెంటనే పోవలెను. అట్టివారు మా తాలూకాకు పదేండ్లకొక్కరు పుట్టినను గొప్పయే. తక్కిన దూరపుకొండలు నునుపు మాత్రమే.

ఆడపిల్లలను గూర్చి కొందరు తల్లిదండ్రులు దగ్గరి కళాశాల మేలనునపుడు మేము సంతోషింపలేకున్నాము. వారి కారణము వేరు. శనివారము ఇంటికి వచ్చును, కంటియెదుట నుండును, పెండ్లిమాట వచ్చినపుడు పిలిచిన పలుకును అని వారి లెక్క. మేము ఒంగోలు మంచిదనుట అచ్చటి రోగులను చూచి. ఇంటి గడపను చూచి కాదు. అన్నకైతే ఢిల్లీ, చెల్లెలికైతే ఒంగోలు అను ధర్మము మా పుస్తకములో లేదు. ఆ పిల్ల ఢిల్లీ కోరి, దానికి తగిన కారణము చెప్పగలిగినచో, టిక్కెట్టు కొని రైలెక్కించుటయే తండ్రి పని.

డిగ్రీపేరు చూచి వైద్యుని కొలుచు మోజు క్రొత్తది కాదు. వెనుక మన రాజధానిలో వైద్యకళాశాలలు వేరు, వైద్యపాఠశాలలు వేరుగ నుండెను. పాఠశాలలో చదివినవారు లైసెన్షియేటులు. వారిని పట్టభద్రులు తక్కువగా చూచెడివారు. 1946లో భోర్ సంఘమువారు లెక్కించినపుడు దేశమున రిజిస్టరైన వైద్యులు సుమారు 47,500 మంది. అందు మూడింట రెండువంతులకు చేరువగా ఈ లైసెన్షియేటులే. తక్కువవారనబడిన ఈ జనమే లేకున్నచో ఆనాటి తాలూకా ఆసుపత్రులలో దీపము పెట్టువారు లేరు. అంతకన్న ప్రసిద్ధమైన దృష్టాంతము యల్లాప్రగడ సుబ్బారావుగారిది. భీమవరమున 1895లో జన్మించి, చెన్నపట్టణపు వైద్యకళాశాలలో చదువుచు, ఖద్దరు వస్త్రము ధరించినందుకు దొర ప్రొఫెసరు ఆగ్రహమునకు పాత్రులై, ఎం.బి.బి.ఎస్. బదులు దానికన్న చిన్నదగు ఎల్.ఎం.ఎస్. మాత్రము పొందిరి. ఆ చిన్నడిగ్రీతో చెన్నపట్టణములోని ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించి, 1923లో బోస్టను నగరము చేరి, ఫోలిక్ ఆమ్లము మీదను, బోదకాలునకు నేటికిని వాడు మందుమీదను, ఆరియోమైసిన్ మీదను తమ పరిశోధకబృందముతో పనిచేసి, 1948లో న్యూయార్కున కన్నుమూసిరి. డిగ్రీ తగ్గించినవారు ఆయన బుద్ధిని తగ్గింపజాలరైరి.

ఇక రెండవ తెగవారి సంగతి. వీరు మా యొద్దకు వైద్యమును గూర్చి మాటాడ రారు. తనఖాపత్రమును గూర్చి మాటాడ వత్తురు. బిడ్డకు మంచిర్యాంకు రాలేదు. ఒక కాగితము ఈ రాష్ట్రములోనే మేనేజిమెంటు కోటాలో ఏటా 12 లక్షలకు పైబడిన సీటుది. ఈ ధర ప్రైవేటువారు మాత్రమే పెట్టినది కాదు. 2023లో విజయనగరము, రాజమహేంద్రవరము, ఏలూరు, మచిలీపట్టణము, నంద్యాలలలో ప్రభుత్వమువారు తెరచిన క్రొత్త కళాశాలలలో సైతము కొన్ని సీట్లకు 12 లక్షలు, ప్రవాసభారతీయుల కోటాకు 20 లక్షలు వెల కట్టిరి. ప్రజల సొమ్ముతో కట్టిన గోడలకు ప్రజలే అద్దె చెల్లించు ఏర్పాటిది. రెండవ కాగితము జార్జియాదో, కిర్గిజ్ దేశపుదో, ఫిలిప్పైన్సుదో. వెల ఇందులో సగమో అంతకు తక్కువో. ఏది మంచిదని వీరి ప్రశ్న.

లెక్క వేసి చూతము. ఏటికి 12 లక్షల వంతున ఐదేండ్లకు 60 లక్షలు. హాస్టలు, పుస్తకములు వేరు. ఏడున్నర లక్షలు మించిన విద్యాఋణమునకు బ్యాంకువారు సాధారణముగ ఆస్తి హామీ కోరుదురు. బ్యాంకు వడ్డీ నూటికి 10 అనుకొన్నను 60 లక్షలకు ఏటా 6 లక్షలు, నెలకు 50 వేలు, అసలు కదలదు. ఊరిలో రెండు రూపాయల వడ్డీకి తెచ్చినచో నెలకు లక్షా 20 వేలు. ఈ భారమును మోయవలసిన భూమి ఏది? సాగరు కుడికాలువ చివరి ఆయకట్టుభూమి. నీరు వచ్చిన యేడు వచ్చును, రానియేడు రాదు. 2025 ఆరంభమున మిరపధర కూలినపుడు మార్కెట్టు జోక్యపథకము క్రింద క్వింటాలుకు 11,781 రూపాయలు నిర్ణయించిరి. ఎకరమునకు 20 క్వింటాళ్లు పండి, ఆ ధరయే చేతికి వచ్చినదనుకొన్నను, రెండులక్షల 35 వేలు. కోతకూలి, మందులు, ఎరువులు, కౌలు తీసివేసి చూచుకొనుడు. నాలుగెకరముల రైతు ఈ పత్రముమీద సంతకము చేయునపుడు బిడ్డను డాక్టరు చేయుట లేదు. భూమిని అమ్ముచున్నాడు, పేరు మాత్రము తనఖా.

విదేశపు కాగితము చౌకగ కనబడును. 2021 నవంబరులో వచ్చిన నియమముల ప్రకారము అచ్చట ఒక్కచోటనే 54 నెలలు ఆంగ్లమున చదివి, 12 నెలలు అచ్చటనే శిక్షణ పొంది, ఆ దేశములో వైద్యము చేయుటకు అర్హత గలిగి, పిమ్మట ఇచ్చటి పరీక్షలో 300కి 150 మార్కులు తెచ్చుకొని, మరల ఒక యేడు శిక్షణ పొందవలెను. 2024 జూన్‌నాటి ఆ పరీక్షలో గట్టెక్కినవారు నూటికి ఇరువదిమంది చిల్లర. తక్కినవారు వైద్యులును గారు, విద్యార్థులును గారు. హైదరాబాదులోనో విజయవాడలోనో కోచింగు గదులలో ఏండ్లు గడపుచున్నారు. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిను యుద్ధము వచ్చినపుడు విద్యార్థులతో గూడ ఇరువదివేలకు పైబడిన భారతీయులు తిరిగి వచ్చిరి. బాంబులకు జంకక మంచులో నడచివచ్చిన ఆ బిడ్డల ధైర్యమును మేము కొనియాడుదుము. వారిని అంతదూరము పంపిన ఏజెంటు మాత్రము కమీషను తిరిగి ఇచ్చినట్లు వినలేదు.

ఈ రెండు కాగితములలో నేది అని అడిగినవారికి మేము ఏదియు వలదనియే చెప్పుచున్నాము. మిగులు ఆస్తి యున్నవారు తమ యిష్టమువచ్చినట్లు చేసికొనవచ్చును. మేము చెప్పునది తనఖా పెట్టువారికి. ఇంకొకయేడు చదివించుడు, రానిచో నర్సింగు కలదు, మందులశాస్త్రము కలదు, ఆయుర్వేదము కలదు, వ్యవసాయశాస్త్రము కలదు. ఈ మాట మీద కొందరు పెద్దలు మాపై కోపగించిరి. బిడ్డ ఆశను మేము త్రుంచినామట. ఋణము ఆశను త్రుంచు విధము వారికి తెలిసినట్లు లేదు. 60 లక్షలు తలమీద నున్న యువవైద్యుడు దర్శిలో కూర్చుండి నూరు రూపాయలు పుచ్చుకొని చీటీ వ్రాయలేడు. వానిది చెడ్డబుద్ధి గనుక కాదు; నెలకు 50 వేల వడ్డీ గనుక. పట్టణపు పెద్ద ఆసుపత్రివారు జీతమిచ్చి, ఎన్ని స్కానింగులు వ్రాసినావని నెలాఖరున అడిగినచో కాదనలేడు. పల్లెకు వైద్యులు రారేమని మనమందరము విలపించుచున్నాము. వారు రాకపోవుట సీటు పుచ్చుకొన్న దినముననే మా యెదుటి బల్లమీద, స్టాంపుకాగితము మీద, సాక్షుల సంతకములతో నిర్ణయమగుచున్నది.

మరి ఋణము తీరు మార్గమేమని అడిగినచో, మగబిడ్డల తండ్రులు చిరునవ్వుతో చెప్పు మార్గమొకటి కలదు. డాక్టరు వరునికి కట్నము వచ్చునట. అనగా ఈ అప్పును తీర్చువాడు రోగియైన కావలెను, మామయైన కావలెను! సుబ్బారావుగారికి సైతము మామగారే సాయపడిరి గదా అని ఒక మిత్రులు మమ్ము ఎత్తిపొడిచిరి. నిజమే. ఆయనకు మామగారు తోడ్పడిరి; అమెరికా ప్రయాణమునకు కాకినాడ మల్లాడి సత్యలింగము నాయకరుగారి ధర్మనిధివారును ఆదుకొనిరి. వీరిరువురిలో మాకు ఆదర్శప్రాయముగ తోచునది రెండవవారు. రంగూనులో వ్యాపారముచే గడించిన సొమ్మును ఒక తెలుగువాడు ధర్మమునకు వ్రాసిపోగా, దాని ఆసరాతో ముక్కుమొగము ఎరుగని మరియొక తెలుగువాడు సముద్రము దాటినాడు.

ఒంగోలులోనో గుంటూరులోనో న్యాయముగ సీటు తెచ్చుకొని, హాస్టలు ఖర్చునకు, పుస్తకములకు, ఎముకల పెట్టెకు, తెల్లకోటునకు వెదకుకొను బిడ్డలు దర్శి చుట్టుప్రక్కల పల్లెలలో నున్నారు. వారికి కావలసినది లక్షల ఋణము కాదు, నెలకు కొద్దివేలు. బియ్యపుమిల్లులవారును, మిరప వ్యాపారులును, పొగాకు కొనుగోలుదారులును, వకీళ్లమైన మేమును తలకు ఇంతయని వేసికొని ఒక నిధి కూర్పవచ్చును. సొమ్ము వడ్డీ లేకుండ ఇచ్చి, సంపాదన మొదలైన పిదప తిరిగి పుచ్చుకొని, మరియొకరికి ఇయ్యవచ్చును. ఏడాది లెక్క పఠనమందిరపు గోడమీద అంటించిన చాలును, గుమాస్తా అక్కరలేదు. దానికి వలయు ట్రస్టు పత్రము వ్రాసి రిజిస్టరు చేయించుటకు మేము ఫీజు పుచ్చుకొనము.